రగ్నా తేనె నీళ్ళు

మంత్రసాని రగ్నా కోపిష్టి అని మా డకోటా మైదానంలో అందరికీ తెలుసు. ఆ కోపం ఎక్కడ మొదలైందో నాకు తెలుసు. మూడేళ్ళ కిందటి జనవరిలో ఆమె కారు రేడియేటర్‌లో నీళ్ళు గడ్డకట్టి, నడిదారిలో గొట్టాలు పగిలాయి. మంచులో నడిచి మా ఇంటికి చేరేసరికి కానుపు కష్టమై మా వదిన పోయింది.

అప్పటినుంచి ఆమె రేడియేటర్‌తో పోట్లాడింది. ఉప్పు కలిపితే గొట్టాలను తినేసింది. సారా ఆవిరైపోయింది. కిరోసిన్ కంపు కొట్టి మంటలు లేవబోయాయి. చివరికి తన పెరటి తేనె తీసి, సగానికి సగం నీళ్ళు కలిపి కాచి పోసింది. అది గడ్డకట్టలేదు. సన్నటి కంత దొరికినా కారిపోతుంది కాబట్టి ప్రతి అతుక్కూ తానే తగరం కరిగించి మాటు వేసింది.

మా దగ్గర ఒక మర్యాద ఉంది. కారులో వచ్చినవాళ్ళు లోపల ఉండగానే ఇంటాయన వెళ్ళి, చలికి గడ్డకట్టకుండా రేడియేటర్ నీళ్ళు వదిలేస్తాడు. బయల్దేరేటప్పుడు పొయ్యి మీది వేడినీళ్ళు నింపుతాడు. అడగడం ఉండదు.

కిందటి డిసెంబరులో నా భార్య సిగ్రిడ్‌కు నొప్పులు మొదలయ్యాయి. రగ్నా, ఔస్మండ్ అనే రైతు ఇంట్లో కానుపు చేస్తోందని విని, పదకొండు మైళ్ళు గుర్రం మీద వెళ్ళాను. అక్కడి కానుపు ముగించి ఆమె సంచీతో బయటికొచ్చింది. కారు కింద మంచు పసుపు పచ్చగా ఉంది.

"మీకు శ్రమ ఎందుకని నేనే వదిలేశానండీ," అన్నాడు ఔస్మండ్, కెటిల్ పట్టుకుని.

"నిన్నెవరు ముట్టుకోమన్నారు?"

"అందరూ చేసేదేగా. వేడినీళ్ళు పోస్తాను."

"మూడో మైలుకి గడ్డకడతాయి. ఎలా ఉంటుందో ఇతని వదిన్ని అడుగు. నోరుంది కదయ్యా నీకు, ఒక్క మాట అడగలేకపోయావా?"

ఔస్మండ్ కెటిల్ కింద పెట్టాడు. నేను వంగి ఆ మంచును తాకాను. గట్టిపడలేదు, మెత్తగా జారుతోంది. పారతో ఎత్తి, బట్టలు కాచే కాగులో వేసి పొయ్యి మీద పెట్టాం. కరిగాక మరీ పలచగా ఉంది. రగ్నా వెళ్ళి ఔస్మండ్ వంటింట్లోని తేనె జాడీ, పాకం డబ్బా రెండూ అందులో ఒంపేసింది. అడగలేదు. గుడ్డలో వడగట్టి రేడియేటర్‌లో పోసింది. గుర్రాన్ని అక్కడే వదిలి కారెక్కాను. దారిలో ఎక్కడా అది గడ్డకట్టలేదు.

మేం చేరేసరికి బిడ్డ పుట్టాడు. సిగ్రిడ్‌కు రక్తం ఆగడం లేదు. రగ్నా చాలాసేపు పొట్ట మీద పిడికిలి అదిమి పట్టింది. ఆగింది.

నేను కాఫీ తెచ్చాను.

"కారు ముట్టుకున్నావా?" అంది.

లేదన్నాను. తాగి, కాఫీ చల్లారిందని తిట్టింది.