జ్ఞానప్రకాశం హంస

రాజమండ్రిలో హంసల సెంటర్ మీదుగా పోకుండా ఎక్కడికైనా పోవచ్చునని నిరూపించిన మనిషి ఒక్కడే. సిమెంటు బొమ్మలు చేసే జ్ఞానప్రకాశం. నలభై మూడేళ్ళుగా ఆయన పక్క సందులే పట్టుకు తిరుగుతున్నాడు. భార్య సంపూర్ణమ్మ ఊరుకుంటుందా? అక్కడి పాత ఫౌంటెన్ బాగుచేసి మళ్ళీ నీళ్ళు వదిలారని విని, ఆదివారం ఆరాధన అవగానే ఆయన్ని ఆటో ఎక్కించేసింది.

"చూసొద్దాం రండి. మీది ఉంచారో తీసేశారో తేలిపోద్ది," అంది.

తేలాల్సింది ఆయన చేసిన హంస సంగతి. ఆయనకు పంతొమ్మిదేళ్ళప్పుడు, ఆ ఫౌంటెన్‌ నూరేళ్ళనాటి రాతి తొట్టి చుట్టూ నాలుగు సిమెంటు హంసలు పెట్టే పని వచ్చింది. మేస్త్రీ పల్లంరాజు మూడు తాను చేసి, నాలుగోది శిష్యుడికి అప్పగించాడు. అసలు హంసను జ్ఞానప్రకాశం చూసిందెక్కడ? కోతలయ్యాక చేలల్లో దిగే బాతులనైతే పుట్టినప్పట్నుంచీ చూస్తున్నాడు. చెయ్యి తనకు తెలిసిందే చేసింది. పైగా మెడ ఎక్కడ విరిగిపోతుందోనన్న భయంతో దొరికిన ఇనుప చువ్వలన్నీ లోపల కుక్కాడు. పల్లంరాజు దాని చుట్టూ ఒకసారి తిరిగి, "ఒరేయ్, ఇది హంసేంట్రా, రేపు పొద్దున్నకి గుడ్డు పెట్టేలా ఉంది," అన్నాడు. మర్నాడే ప్రారంభోత్సవం. మార్చే వ్యవధి లేక, జనం కంట పడకుండా దాన్ని వెనక వైపు బిగించారు.

తర్వాత ఆయన ఇళ్ళ ముందు సింహాలు చేశాడు, చర్చిల మీద నక్షత్రాలు నిలబెట్టాడు, భీమవరం దాకా పేరు తెచ్చుకున్నాడు. పక్షుల జోలికి మాత్రం మళ్ళీ పోలేదు. అలాగని దాన్ని మరిచిపోయాడా అంటే, అదీ లేదు. ఎవరి చెయ్యీ పడకుండా తాను చేసిన మొదటి బొమ్మ అదే మరి. పగలగొట్టేశారని తెలిస్తే తట్టుకోలేడు. ఆ మాట పైకి అనడు, అంతే.

ఆటో దిగారు. ఫౌంటెన్ మీది పాత రాతి సింహాల నోళ్ళలోంచి నీళ్ళు దూకుతున్నాయి. రాతి తామరలు కడిగిన పళ్ళేల్లా మెరుస్తున్నాయి. జ్ఞానప్రకాశం వాటి వంకైనా చూడకుండా తిన్నగా తొట్టి వెనక్కి నడిచాడు.

ఉంది. అదే పొట్టి మెడ, అదే బొద్దు పొట్ట. ఆయన మనసు తేలికపడింది. హమ్మయ్య అనుకుంటూ ఇటు తిరిగాడు కదా, ఆ పక్కన ఇంకో పొట్టి మెడ, బొద్దు పొట్ట. ఆవల మరోటి. చుట్టూ తిరిగి లెక్కపెడితే నాలుగూ బాతులే.

"ఏంటండీ, మీది పిల్లల్ని గానీ చేసిందా?" అంది సంపూర్ణమ్మ.

అక్కడ పైపులు చూసుకుంటున్న సాయిప్రసన్న అనే ఇంజినీరు అమ్మాయిని జ్ఞానప్రకాశం సంగతేంటని అడిగాడు.

"మూడింటికి మెడలు ఎప్పుడో విరిగిపోయాయండి. ఈ ఒక్కటీ చెక్కుచెదరలేదు. దీన్నుంచే అచ్చు తీసి మిగతావి పోయించాం. పాతకాలం పనితనం కదండీ, హంసల్ని అప్పట్లో ఇలాగే చేసేవారట," అంది ఆ అమ్మాయి ఎంతో గౌరవంగా.

సంపూర్ణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జ్ఞానప్రకాశానికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కళ్ళు మాత్రం తడిశాయి. గొంతు సవరించుకున్నాడు.

"అప్పట్లో ఎవరూ అలా చేసేవారు కాదమ్మా. నేనే చేశాను. అది హంస కాదు, బాతు," అన్నాడు, చుట్టుపక్కల నలుగురికీ వినబడేంత గట్టిగా.