కొండ పాదాల దగ్గర కొబ్బరికాయ కేసు

మా విన్నిపెగ్ ఎంత చదునంటే, వీధిలో గోళీ కింద పడితే ఎటు దొర్లాలో తెలియక అక్కడే కూర్చుంటుంది. అలాంటి ఊళ్లో ఉంటూ మా ఆవిడ నడివయసులో కొండల చట్టం మీద పీహెచ్‌డీ మొదలుపెట్టింది.

కొండలకి చట్టమేమిటని నేనూ నవ్వాను. ఒక పర్వతశ్రేణి నాలుగైదు దేశాల మీద కాళ్లు చాపుకుని పడుకుని ఉంటుందట. ఒక దేశం అడ్డగోలుగా రోడ్డు తవ్వితే పక్క దేశంలో కొండచరియ కూలుతుంది. ఇక్కడ అడవి కొట్టేస్తే అక్కడ వాగు ఎండుతుంది. అందుకని ఆ దేశాలన్నీ కలిసి తమ అందరి నెత్తి మీదా ఒక ఉమ్మడి చట్టం పెట్టుకోవాలి, దానివల్ల కొండా బతకాలి, కొండ మీది జనమూ బతకాలి. ఇదీ ఆవిడ వాదన. దీన్ని నాకు చారు పోస్తూ, మంచు ఎత్తిస్తూ, బట్టలు మడత పెట్టిస్తూ ఎన్ని వేలసార్లు చెప్పిందంటే, మత్తుమందు ఇచ్చి ఆపరేషన్ చేస్తున్నా నాలుగో అధ్యాయం ఫుట్‌నోట్లతో సహా అప్పజెప్పగలను.

ఆ నాలుగో అధ్యాయం దగ్గరే బండి ఆగిపోయింది. థీసిస్ పరీక్షించే బయటి ప్రొఫెసర్ గారు, మహా నిదానస్తుడైన పెద్దాయన, పక్కన ఒక్క ప్రశ్న రాశారు: ‘అంత పైన రాసుకున్న చట్టం, కొండ దగ్గర నిలబడ్డ మామూలు మనిషి దాకా ఎలా దిగుతుంది?’ దీనికి జవాబు నచ్చితేనే డిఫెన్స్‌కి, అంటే చివరి మౌఖిక పరీక్షకి, ఒప్పుకుంటారట. రాకీ పర్వతాల్లో ఒక చిన్న ఊళ్లో సదస్సుకి వస్తున్నారు కాబట్టి ఆవిడ అక్కడే మాట్లాడాలి, ఆయన అక్కడే వింటారు. యూనివర్సిటీ ఇచ్చిన గడువు మీద గడువు అయిపోయింది. ఆయన పెదవి విరిస్తే ఐదేళ్ల చదువు అటకెక్కినట్టే.

రెండు రోజులు డ్రైవ్ చేశాం. మొదటి రోజంతా గోధుమ పొలాలు. రెండో రోజు కూడా అవే పొలాలు, మమ్మల్నే వెంబడిస్తున్నట్టు. చివరికి కొండలు కనపడ్డాయి. ఆవిడ జవాబు బట్టీ పడుతోంది, నచ్చక కొట్టేస్తోంది, మళ్లీ రాస్తోంది.

మర్నాడు పొద్దున్న పది గంటలకి ఉపన్యాసం. ఎనిమిదిన్నరకే బయల్దేరి, దారిలో నేషనల్ పార్కు వాళ్ల పార్కింగ్ లాట్‌లో ఆగాం. ఎదురుగా ఆకాశానికి తాళం వేసినంత కొండ. నాకు అలిపిరి గుర్తొచ్చింది. కొండెక్కే ముందు పాదాల దగ్గర కొబ్బరికాయ కొట్టని తెలుగువాడు ఉంటాడా? విన్నిపెగ్ ఇండియన్ స్టోర్‌లో కొన్న కాయని తువ్వాల్లో చుట్టి, పసిబిడ్డలా రెండు రోజులు మోసుకొచ్చాను. ఆవిడ కారులో కాయితాలు చూసుకుంటుంటే, బండరాయి మీద ఒక్కటిచ్చాను. కాయ నాలుగు దేశాలుగా విడిపోయింది.

వెనకాల ఎవరో దగ్గారు. పార్కు వార్డెన్. ముప్ఫై ఏళ్ల అమ్మాయి, భుజాన బైనాక్యులర్స్, మొహాన చట్టం.

“సార్, ఆ బోర్డు చదివారా?”

చదివాను. ఇంగ్లీషులో ఒకసారి, ఫ్రెంచి రాకపోయినా మర్యాద కోసం ఇంకోసారి. జంతువులకి తిండి పెట్టరాదు, తిండి వదిలేయరాదు అని ఉంది.

“ఇది తిండి కాదండీ. పూజ,” అన్నాను.

“ఎలుగుబంటికి ఆ తేడా తెలియదు సార్. ప్రతి ముక్కా ఏరండి. ఒక్కటి జంతువు నోట్లోకి వెళ్లినా నేను జరిమానా టికెట్ రాయాలి, మీ స్టేట్‌మెంట్ తీసుకోవాలి.”

స్టేట్‌మెంట్ మాట వినగానే మా ఆవిడ కారులోంచి దూకింది. “ఏమండీ, తొమ్మిదవుతోంది! కొండల చట్టం మీద మాట్లాడబోతుంటే కొండ దగ్గరే నేరం చేస్తారా?”

“నీకోసమే కొట్టానే!”

“నాకోసం కార్లో కూర్చుంటే సరిపోయేది!”

ఇద్దరం పట్టు చీర, కోటుతో సహా మోకాళ్ల మీద పాకాం. ఏరిన ముక్కల్ని వార్డెన్ మా కారు బానెట్ మీద పేర్చి, తవ్వకాల్లో దొరికిన కుండలా కాయని మళ్లీ నిలబెట్టింది. చిప్పలన్నీ సరిపోయాయి. కానీ ఒక చిప్ప అంచు లోపల బోడిగా ఉంది, అక్కడ కొబ్బరి లేదు.

అందరం ఒకేసారి బండరాయి పక్కనున్న ఒక ఉడత వైపు చూశాం. అది పుట్టు దొంగలా చేతులు కట్టుకుని నిలబడింది. వార్డెన్ టికెట్ పుస్తకం తీసింది. మా ఆవిడ మొహంలో ఐదేళ్లూ ఒక్కసారిగా పాలిపోయాయి.

అప్పుడు ఆవిడ నా వైపు తిరిగి, “ఏమండీ... నోరు తెరవండి,” అంది.

“ఊఁ?”

“మింగకండి! తెరవండి!”

ప్రసాదం. కాయ కొట్టగానే చెయ్యి తన పని తాను చేసుకుపోయి చిన్న ముక్కని బుగ్గన పెట్టింది, నాకు చెప్పనైనా లేదు. వార్డెన్ దంతవైద్యుడిలా వంగి చూసి, పుస్తకం మూసేసింది.

“మీరు వన్యప్రాణుల జాబితాలో లేరు సార్. వెళ్లండి.”

“ఆ జాబితా ఇంకోసారి చూడండి,” అంది మా ఆవిడ.

పదికి రెండు నిమిషాలుండగా హాల్లో పడ్డాం. ఆవిడ చీరకి గడ్డి, చేతిలో కాయితాల్లేవు. అవి కార్లోనే ఉండిపోయాయి. నా ప్రాణాలు కూడా.

“ఇవాళ పొద్దున్న మా ఆయన చట్టం తప్పాడు,” అని మొదలుపెట్టింది. జరిగిందంతా చెప్పింది. “ఈయన బోర్డు రెండు భాషల్లో చదివాడు. అది తన గురించి కాదనుకున్నాడు. ఎందుకంటే ఈయన లెక్కలో తను చేసింది తిండి పడేయడం కాదు, మొక్కడం. ఎన్ని దేశాలు కలిసి రాసినా, అది ఎవరి చేతులకి వర్తిస్తుందో ఆ చేతుల అలవాట్లు తెలియకుండా రాస్తే, చట్టం బోర్డు దగ్గరే ఆగిపోతుంది.”

పెద్దాయన చెయ్యెత్తారు. “అయితే బోర్డు మీద కొబ్బరికాయ బొమ్మ వేయమంటారా?”

“కాదండీ. బోర్డు రాసే ముందే ఇలాంటి వాళ్లని పిలిచి కూర్చోబెట్టమంటాను. యాత్రకొచ్చిన ఈయన్నే అడగాల్సొస్తే, ఆ కొండల్లో తరతరాలుగా బతుకుతున్న వాళ్లని ముందుగా అడగాలి. అప్పుడు చట్టం దిగక్కర్లేదు. అక్కడే పుడుతుంది.”

ఆయన కళ్లజోడు తీసి తుడవడం మొదలుపెట్టారు. రెండో అద్దం దాకా వచ్చేలోపు నాకు రెండు గుండెపోట్లు వచ్చి తగ్గాయి. మళ్లీ పెట్టుకుని, “ఇది అధ్యాయంలో రాసి పంపండి. డిఫెన్స్‌కి తేదీ అడుగుతాను,” అన్నారు.

ఆవిడ బయటికొచ్చింది. కారెక్కి, చెప్పులు విడిచి, కాళ్లు పైకి పెట్టుకుంది. కొండలు దిగగానే వచ్చే కాల్గరీ ఇంకా రానేలేదు, గురక మొదలైంది. ట్రక్కు వాళ్లు హారన్ అనుకుని దారిచ్చేంత గురక. నేను రేడియో పెట్టలేదు, గుంతల్లో బండి నెమ్మదించాను. విన్నిపెగ్ దాకా అలాగే పడుకున్నా సరే అనుకున్నాను.