గంజుల సర్వపిండి, గుడ్డ మీద సర్వపిండి

మా చిన్నప్పుడు... మందమర్రి బొగ్గుబాయి కాలనీల మా అవ్వ, నన్ను కన్నతల్లి, చలిజరంతోని మంచం పట్టింది. బాపుకు రెండో షిఫ్టు. పొద్దు నెత్తిమీదికొచ్చింది, సద్ది కట్టాలె. తొమ్మిదేండ్ల దాన్ని నేను, పొయ్యి ముంగట కూసున్న...

నేను చెప్తున్న, నా మనుమరాలు రాస్తుంది. నాకు అక్షరం ముక్క రాదు. నోరున్నది, చాలు. మొన్న ఈ పిల్ల ఫోన్ల చూపెట్టింది... దేశదేశాల ఆకులు, గింజలు, పప్పుల వంటలు. వాళ్ల వాళ్ల అవ్వలు వండినయి. చూస్తె కండ్లు సల్లబడ్డయి. దాని కింద మనోడే ఒకడు రాసిండట, మన దిక్కు గిసొంటియి ఏమున్నయి, మాంసం, కారం తప్ప అని. గందుకే ఈ పంచాయితి. ఇనుండ్రి...

ఆ దినం సర్వపిండి చేస్తున్న. బియ్యప్పిండి, నానిన శనగపప్పు, నువ్వులు, పల్లీలు, ఎల్లిగడ్డ, కారం, ఉల్లాకు. లోతు గిన్నె, గంజు అంటం, దానికి లోపల నూనె రాసి పిండి అద్ది, వేలితోని తూట్లు పొడిచి, తూటుకొక్క చుక్క నూనె పోసి, మూత పెట్టి సన్న సెగ మీద కాలనియ్యాలె. ఒకటి దించినంక గంజు బోర్లేసి, వెనుక నీళ్లు పోసి సల్లార్చాలె. అప్పుడే రెండోది అద్దాలె. అవ్వ మంచంలనుంచి ఇదే మాట మళ్ల మళ్ల చెప్తుంది...

మొదటిది ఎర్రగ, కరకర వచ్చింది. ఇగ నాకు ఒళ్లు తెలువలే. టైము లేదాయె, సల్లార్చుడెందుకని కాలుతున్న గంజులనే పిండి పెట్టి అద్దిన. సుర్రుమన్నది. పిండి పరుచుకోలే, ముద్దయి మాడింది. నా వేళ్లు బొబ్బలెక్కినయి. ఏడుపొచ్చినా ఏడ్వలే... ఏడిస్తె అవ్వ లేస్తది, లేస్తె పడిపోతది.

అవుతల బాపు తానం చేస్తుండు. బాయిల దిగితె షిఫ్టు అయ్యేదాక మీదికి రాడు. లోపల అందరు సద్దులు నడుమ పెట్టుకొని తింటరు. బాపు సంగతి నాకెరుకే... తను పెట్టేతందుకు లేకపోతె ఒకల దాంట్ల చెయ్యి పెట్టడు. ఒక్క సర్వపిండి చేతికిస్తె, అది గూడ వాళ్లకే పంచి ఉపాసమే పని చేస్తడు.

మాడు వాసనకు పక్కింటి కాశీబాయి వచ్చింది. మహారాష్ట్ర మనిషి, చాందా దిక్కు. నీళ్ల నల్ల కాడ బిందెల లొల్లి అయి నెలదినాల సంది అవ్వకు, ఆమెకు మాటల్లేవు. గడప కాడ నిలబడి నన్ను చూసింది, అవ్వను చూసింది. ఏం అడగలే. సక్కగ లోపలికొచ్చి నా చెయ్యి నీళ్లల్ల ముంచింది.

మా పిండి ఇంత నోట్లేసుకొని చూసింది. ఇంటికి ఉరికి తెల్లగుడ్డ, రొట్టెల పెంక తెచ్చింది. గుడ్డ తడిపి పీట మీద పరిచి, దాని మీద పిండి పల్చగ తట్టింది. గుడ్డతోనే లేపి పెంక మీద బోర్లేసి, గుడ్డ మెల్లగ గుంజింది. ఇదేం రొట్టెరా అని నేను చూస్తున్న... అప్పుడు వేలు తడుపుకొని దానికి తూట్లు పొడిచింది. తూటుకొక్క చుక్క నూనె పోసింది.

అవ్వ మంచంల తల లేపింది.

"గా తూట్లు పొడుసుడు నీకెవరు నేర్పిండ్రు?"

నెలదినాలకు మొదటి మాట గదే.

"మా ఆయి," అన్నది కాశీబాయి. "నీకు?"

"మా అవ్వ."

మనం సర్వపిండి అంటం, వాళ్లు తాలిపీట్ అంటరట. పిండి జర వేరే, వేలు ఒక్కటే. ఇద్దరు ఒకల మొఖం ఒకలు చూసుకున్నరు... గంతట్లనే మళ్ల లొల్లి మొదలు. గుడ్డ మీద తట్టింది సర్వపిండే గాదని అవ్వ. గంజుకు అద్దితె సగం గంజే తింటదని కాశీబాయి. జరంల ఉండి గూడ తగ్గలే మా అవ్వ.

సైరన్ మోగేసరికి డబ్బాల అయిదు సర్వపిండ్లు పడ్డయి. తెల్లారి బాపు చెప్పిండు, అందరికంటె ముందుగాల డబ్బా తెరిసింది తనేనట. ఒడియా ఆయన ఇది మా ఊరిదే అన్నడట. బీహారాయన కాదు, మాదే అన్నడట. కొట్లాడుకుంటనే ఒక్క తునుక మిగల్చలేదట.

ఫోన్ల రాసిన గా పిలగానికి చెప్పేది ఇదే... మేం మాంసం తినలేదా? తిన్నం. ఐతారం కోడి, పండుగకు యాట. మిగిలిన దినాలు? జొన్నగటుక, పుంటికూర, పచ్చిపులుసు. ఎండకాలం ఇప్పపువ్వు వేయించి నువ్వులతోని దంచితె బెల్లమే అక్కరలేదు. ఇవి బీదోళ్ల తిండని మూతులు తిప్పినోళ్లే ఇయ్యాల కొత్త పేర్లు పెట్టి మెచ్చుకుంటుండ్రు. మెచ్చుకోండ్రి, మంచిదే. మాకు లేకుండె అని మాత్రం అనకుండ్రి.

ఫోన్ల మెక్సికో ముసలామె ఒకామె మక్కపిండి అరచేతుల నడుమ తడుతుంది. ఆమె భాష నాకు తెల్వది. కానీ నడుమ పిండి చీలినప్పుడు ఆమె మొఖం పెట్టిన తీరు నాకు తెల్సు... నా పక్క కూసుంటె నేనింత తడి చెయ్యి అద్దుదును.

ఇప్పుడు మంచిర్యాలల కొడుకు ఇంట్ల ఉంటున్న. నడుము వంగక గంజు పక్కకు పెట్టి గుడ్డ మీదనే తడుతున్న. తట్టినప్పుడల్లా జర ఆగుత, అవ్వ తిడుతదేమో అని... ఏ దిక్కు నుంచి తిట్టు రాదు. పక్కింట్ల ఏం వండుతుండ్రో తెల్వది. తలుపులు మూసుకుంటిమి, మాడు వాసన గూడ దాటదాయె.

మీ ఇంట్ల ఏముండె? ఏ ఊరోళ్లైనా, ఏ దేశపోళ్లైనా సరే... మీ అవ్వ పిలిచిన పేరుతోనే రాయుండ్రి, మనుమరాలు సదివి ఇనిపిస్తది. మీ పిండి మాడిన దినం, అడగకుండ లోపలికొచ్చిన మనిషి పేరు గూడ రాయుండ్రి.