రిజిస్టరులో అందరికీ గుణమే

మా డిస్పెన్సరీలో రోగం తగ్గని మనిషంటూ లేరు. రిజిస్టరు అలాగే చెప్పేది. ప్రతి పేజీలో చివరి గడి నిండా, పైనుంచి కిందిదాకా, 'గుణం' 'గుణం' 'గుణం' అని డాక్టరు గారి గుండ్రటి రాత. అంత గుణం కనిపించినవాళ్ళు మళ్ళీ వారం తిరిగేసరికి సీసాలు కడుక్కుని ఎందుకొచ్చేవారని ఎవరూ అడగలేదు. నాకే ఆ అనుమానం రావడానికి ఏడాది పట్టింది.

అది కార్మికుల బీమా డిస్పెన్సరీ. అమలాపురం నుంచి ముమ్మిడివరం వెళ్ళే దారిలో ఒక పెంకుటింట్లో ఉండేది. పీచు ఫ్యాక్టరీలోను, నూనె మిల్లులోను పనిచేసేవాళ్ళకి జీతంలో కొంత కోసుకుని కార్డు ఇచ్చేవారు. కార్డు చూపిస్తే డాక్టరు గారు చూస్తారు, నేను మందిస్తాను. డెబ్బైల చివర్లో నేనక్కడ కాంపౌండరుగా చేరాను. ఆడ కాంపౌండరు అనేసరికి మొదటి నెలంతా జబ్బులేనివాళ్ళు కూడా వచ్చి నన్ను చూసి వెళ్ళారు. తర్వాత అలవాటైపోయి 'కాంపౌండరమ్మ గారు' అనడం మొదలుపెట్టారు.

డాక్టరు గారు మంచివారు. కోపం లేదు, చెయ్యి చాపడం లేదు, గడియారంలా టైముకి వచ్చేవారు. ఆయనలో ఉన్నదల్లా ఒకటే లోపం, తల ఎత్తరు. పొద్దున్న పెట్టిన టోకెన్లు మధ్యాహ్నానికి అయిపోవాలని ఆయన పట్టుదల. మనిషి లోపలికి రాగానే కాయితం మీదే కళ్ళు పెట్టి "ఎలా ఉందమ్మా?" అనేవారు. "బాగానే ఉందండి" అని జవాబు. వెంటనే 'గుణం' అని రాసి, కిందటి వారం మందే మళ్ళీ రాసి, గంట కొట్టేవారు.

బాగాలేనివాళ్ళు బాగుందని ఎందుకంటారంటారా? మావైపు మర్యాద అలాంటిది. పెద్దమనిషి మందిచ్చాక తగ్గలేదని ఆయన మొహం మీదే అనడమంటే, పెళ్ళి భోజనంలో కూర బాగాలేదని పెళ్ళికూతురి తండ్రితో అనడమే. అదే మనిషి అక్కణ్ణించి నాలుగడుగులు వేసి మందుల కిటికీ దగ్గరకొచ్చి, నాకు సీసా అందిస్తూ, "ప్రాణం పోతోందండి కాంపౌండరమ్మ గారూ, వారం నుంచి కునుకు లేదండి" అనేది. మర్యాద ఆయన గదిలో, నిజం నా కిటికీలో. మధ్యలో ఒక్క గోడే.

ఈ గోడకి బలైపోతున్నది మా వీధి పిన్నిగారు. చర్చి వెనక మాకు రెండిళ్ళ అవతల ఉండేది. పీచు ఫ్యాక్టరీలో తాడు పేనే పని. తొమ్మిది నెలల నుంచి దగ్గు. మనిషి సగమైపోయి, రవికెలకి పిన్నీసులు పెట్టుకుని తిరిగేది. నేను ఎర్ర మందు పోసి, సీసాకి మోతాదు కాయితం అంటించి ఇచ్చేదాన్ని. ఆ ఎర్రనీళ్ళతో అయ్యే పని కాదని నాకు తెలుసు. కాకినాడ పెద్దాసుపత్రికి వెళ్ళి ఛాతీకి ఎక్స్‌రే ఫోటో తీయించుకోవాలి. దానికి డాక్టరు గారి చీటీ కావాలి. వరసగా మూడుసార్లు మందిచ్చినా గుణం లేకపోతేనే చీటీ రాయాలని రూలు. పిన్నిగారికేమో ప్రతిసారీ గుణమే.

"పిన్నిగారూ, ఈసారి లేదని చెప్పండి. మూడే మూడు వారాలు."

"ఆయ్, చెప్తానమ్మాయ్."

వరసలో నిలబడ్డంతసేపూ పెదాలు కదుపుతూ వల్లించుకునేది. టోకెను పిలిచారు. నేను గోడకి చెవి పెట్టాను.

"ఎలా ఉందమ్మా?"

"గు... గుణమేనండి. తమరి చెయ్యి చాలా మంచిదండి."

కిటికీ దగ్గరకొచ్చాక తల వంచుకుంది. "నోరు రాలేదమ్మాయ్. ఆయన అంత కష్టపడి రాస్తున్నారు కదా" అంది. దగ్గు ఆపుకోవడానికి కొంగు నోట్లో కుక్కుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. మధ్యాహ్నం నేనే వెళ్ళి "డాక్టరు గారండీ, ఆవిడకి ఏమీ తగ్గలేదండి" అన్నాను. ఆయన శాంతంగా రిజిస్టరు తిప్పి చూపించారు. "గుణమని ఉంది కదమ్మా" అన్నారు. రాసింది ఆయనే.

అలాంటి రోజుల్లో పైనుంచి ఒక సైక్లోస్టైలు కాయితం వచ్చింది. బీమా డిస్పెన్సరీల్లో వైద్యం ఏ ప్రమాణంలో జరుగుతోందో చూడ్డానికి బుధవారం ఒక ఆఫీసరు వస్తారని. రోగిని ముట్టుకుని పరీక్షిస్తున్నారా, బరువు చూస్తున్నారా, మందు వాడే పద్ధతి చెబుతున్నారా, ఎంతమందికి గుణం కనిపించింది, ఇలా ప్రశ్నలు. మేం బరువు చూసే మిషను మీంచి క్రోటన్ల కుండీ దించి, మిషను తుడిచాం. బీపీ పెట్టె తెరిస్తే లోపల సాలెపురుగు కాపురం పెట్టి ఉంది. దాన్ని గౌరవంగా బయటికి పంపించాం.

మంగళవారం డాక్టరు గారు భోజనానికి వెళ్ళినప్పుడు నేనొక పని చేశాను. రిజిస్టరు తీసి, పిన్నిగారి పేరు పక్కన మూడు వారాల 'గుణం' తర్వాతా 'లేదు' అని చేర్చాను. అదే రంగు సిరా. గడిలో చోటు కూడా సరిగ్గా సరిపోయింది. తప్పే. ఇప్పుడు అడిగినా తప్పే అంటాను, మళ్ళీ చేస్తానని కూడా అంటాను.

బుధవారం ఆఫీసరు గారు వచ్చి అరుగు మీద జనం మధ్య కూర్చున్నారు.

"డాక్టరు గారు ఒళ్ళు పరీక్షిస్తారా?"

"ఆయ్."

"బరువు చూస్తారా?"

"ఆయ్, ప్రతిసారీ చూస్తారండి."

మిషను వైపు ఎవరూ కన్నెత్తి కూడా చూడలేదు. అది ఏమిటో వాళ్ళలో సగం మందికి తెలియదు. ఆఫీసరు గారు టిక్కులు పెట్టుకుంటూ పోయారు. ఇంత మంచి డిస్పెన్సరీ ఈ తాలూకాలో చూడలేదన్నారు. తర్వాత రిజిస్టరు తీశారు. గుణాల మీదుగా జారుతున్న ఆయన వేలు ఒకచోట ఆగింది.

"ఈవిడకి మూడు వారాలు గుణం లేదు. చీటీ రాయలేదేమండి?"

డాక్టరు గారు ఆ గడి కేసి చూశారు. తర్వాత తల ఎత్తి నన్ను చూశారు. ఏడాదికి పైగా పనిచేస్తున్నాను, ఆయన కళ్ళు నాకు కనిపించడం అదే మొదలు. ఉద్యోగం పోయిందనుకున్నాను.

"ఇవాళ రాద్దామనుకున్నానండి" అన్నారాయన.

వరసలో ఉన్న పిన్నిగారిని పిలిచారు. ఆవిడ విషయం విని బిత్తరపోయింది. "అయ్యో, లేదండి బాబూ, నాకు గుణమేనండి. అక్కడ ఎవరో పొరపాటున రాసేరండి" అని ఆఫీసరు గారికి చెప్పేసింది. నాకు అక్కడే ఆవిడ నోరు మూసెయ్యాలనిపించింది. కానీ డాక్టరు గారు అప్పటికే స్టెతస్కోపు తీశారు. ముందు వీపు మీద, తర్వాత ఛాతీ మీద, మళ్ళీ వీపు మీద. చాలాసేపు విన్నారు. ఆయన మొహం మారిపోయింది. కూర్చుని చీటీ రాశారు.

ఆఫీసరు గారు వెళ్ళాక నన్ను పిలిచారు.

"ఇంకోసారి నా రిజిస్టరు ముట్టుకోకు."

"ఆయ్."

"ఆ గడి మాత్రం నువ్వే రాయి. వాళ్ళు నీతోనే నిజం చెప్తున్నట్టున్నారు."

ముట్టుకోకుండా ఎలా రాస్తారో నేనడగలేదు. ఆ నెల నుంచి చివరి గడి నా కిటికీలో నిండింది. గుణం సగానికి పడిపోయింది, కాకినాడ చీటీలు పెరిగాయి. మూడు నెలలకి పైనుంచి మెమో వచ్చింది, మీ డిస్పెన్సరీలో వైద్య ప్రమాణం హఠాత్తుగా దిగజారినట్టు కనిపిస్తోంది, సంజాయిషీ ఇవ్వండని. డాక్టరు గారు అది చదివి సొరుగులో పడేసి తర్వాతి టోకెను పిలిచారు.

పిన్నిగారికి క్షయ. కొడుకు ఆవిణ్ణి యెదుర్లంకలో పంటు మీద గోదావరి దాటించి, యానాం మీదుగా కాకినాడ తీసుకెళ్ళాడు. ఇంకో రెండు నెలలు ఆలస్యమైతే చేసేదేమీ ఉండేది కాదని అక్కడివాళ్ళు అన్నారట. ఏడాది మందులు వాడింది. ఆ ఏడాదంతా నాతో మాట్లాడలేదు. పెద్దమనిషి ముందు తనను అబద్ధాలకోరుని చేశానని ఆవిడ కోపం.

నయమయ్యాక ఒకరోజు చక్రకేళీ అరటిపళ్ళ అత్తం పట్టుకుని వచ్చింది. నాకేమో అనుకున్నాను. నా కిటికీ దాటుకుని సరాసరి డాక్టరు గారి గదిలోకి వెళ్ళింది.

"క్షమించాలండి. తమరి మందు మంచిదేనండి, నా ఒళ్ళే దానికి లొంగలేదండి."

డాక్టరు గారు పెన్ను పక్కన పెట్టేశారు.

"అది కాదమ్మా. తొమ్మిది నెలలు మిమ్మల్ని నిలబెట్టి పంపించేశాను. ఒక్కసారైనా స్టెతస్కోపు పెట్టలేదు."

పిన్నిగారు కంగారుపడిపోయింది.

"అయ్యో, అదేంటండి అలాగంటారు? ప్రతి వారం పెట్టేరండి. చల్లగా తగులుతుందని అరచేతిలో రుద్ది, వెచ్చజేసి మరీ పెట్టేవారండి. నాకు బాగా జ్ఞాపకం."