ఏ తుపాకీ ఎంత తన్నుతుంది?

ఆ రోజుల్లో రుజువు చూపించనిదే నేను చలిని కూడా నమ్మేవాణ్ణి కాదు. కెనడాలోని రెజైనాకు ఉద్యోగానికి వచ్చిన మొదటి ఏడాది, టోపీ లేకుండా బస్టాపులో నిలబడి, చెవులు ఉన్నాయో ఊడాయో తడిమి చూసుకుంటూ, ఇక్కడి చలి సగం ప్రచారమేనని పక్కవాళ్ళకు వివరించిన మనిషిని. కాలేజీలో మూఢనమ్మకాల మీద వాదించి కప్పులు గెలిచిన నోరు అంత తొందరగా ఊరుకోదు. (కప్పులు ఇప్పటికీ ఉన్నాయి. వినేవాళ్ళే తగ్గారు.)

రెండో ఏడు నేనూ, నా రూమ్మేటూ సేఫ్టీ కోర్సు పాసై తుపాకీ లైసెన్సులు తెచ్చుకున్నాం. దీనికంతటికీ కారణం డాక్టర్ అంకుల్. ఎముకల డాక్టరుగా రిటైరైన ఆయన ప్రతి నవంబరులో జింకల వేటకు వెళ్ళేవారు. ఆ ఏడు ఆయన ట్రక్కులో ఒక్క సీటే ఖాళీ ఉంది. ఇద్దరిలో ఎవరు బెదరకుండా కాలుస్తారో వాళ్ళకే ఆ సీటు. "బెదిరి గురి తప్పి, జింకను కుంటిదాన్ని చేసి వదిలేసేవాడు నా బండెక్కడు" అని ముందే చెప్పేశారు. ఆ సీటు కోసం నేను ఆఫీసులో నవంబరు సెలవు కూడా అడిగి పెట్టుకున్నాను.

రూమ్మేటుది కరీంనగర్. జేబులో నిమ్మకాయ లేకుండా గడప దాటడు కనుక నేను వాణ్ణి స్వామీజీ అనేవాణ్ణి. అంకుల్ దగ్గరున్న మూడు తుపాకుల్లో పెద్దదైన త్రీ హండ్రెడ్ మాగ్నం గురించి వాడు ఆఫీసులో కథలు పోగేసుకొచ్చాడు. "కాల్చినప్పుడు అది ఎనక్కి తన్నుతే భుజం జారిపోతదట రా" అన్నాడు. నేను కాగితం తీసి లెక్క వేశాను. తూటా బరువు, మందు, వేగం ఎంత ముఖ్యమో తుపాకీ బరువూ అంతే ముఖ్యం. మాగ్నం బరువైనది, పైగా దాని వెనుక మెత్తని రబ్బరు దిండు ఉంది. రెండోదైన త్రీ నాట్ ఎయిట్ పేరులో అంకె పెద్దదే గానీ తుపాకీ చిన్నది, తేలిక, దాని వెనుక ఉన్నది గట్టి ప్లాస్టిక్కు. కాబట్టి చిన్నదే ఎక్కువ నొప్పి పుట్టించాలి. మనిషి భుజం పేరు విని భయపడుతుందంతే అని తీర్పు చెప్పి, పేరు తెలియకుండా పరీక్ష పెట్టాల్సిందేనని పట్టుబట్టాను. కళ్ళకు గంతలు కట్టుకుని కాలుస్తానన్నాను కూడా. అలాగైతే నన్ను హైవే మీద దించేసి పోతానని అంకుల్ అన్నారు.

చివరికి కుదిరిన పద్ధతి ఇది. కాల్పులు సాధన చేసే రేంజిలో బల్ల మీద ఇసుక సంచులపై అంకుల్ ఒక తుపాకీ పెట్టి, తానే తూటా ఎక్కించి, దానిమీద ఆంటీ పాత తువ్వాలు కప్పుతారు. మేం వచ్చి కూర్చుని, కాల్చి, తన్నుకు పదికి మార్కులు వేయాలి. ఒకరి మార్కులు ఇంకొకరు వినకూడదు, చూడకూడదు. (ఈ చివరి నిబంధన నాదే.) ముందు స్వామీజీ వంతు కావడంతో నేను ట్రక్కులో కూర్చుని, నా నిష్పక్షపాతానికి నేనే మురిసిపోయాను.

నా వంతు వచ్చింది. మొదటిది భుజాన్ని స్నేహంగా తట్టింది, మూడు వేశాను. రెండోది చెంపదెబ్బలా చురుక్కుమంది, ఎనిమిది వేసి, ఇది త్రీ నాట్ ఎయిట్ అని ప్రకటించాను. తువ్వాలు తీస్తే అదే. నా ఛాతీ ఉబ్బింది. అప్పుడు తట్టింది, ఉన్నవే మూడు, తువ్వాలు తీసి చూసినవి రెండు అయిపోయాయి, ఇక మిగిలింది మాగ్నమే. పేరు దాచడానికి నేను పడ్డ పాట్లన్నీ నా తీసివేతే పాడుచేసింది. అయినా లెక్క ప్రకారం ఇది ఎనిమిది దాటదు కదా అని ధైర్యం చెప్పుకుంటూ కూర్చుని, ఊపిరి బిగబట్టి, ట్రిగ్గరు నొక్కాను. కళ్ళు మూతపడ్డాయి, భుజం జానెడు వెనక్కి పోయింది, నోటి నుంచి "అబ్బా" అని గట్టిగానే వచ్చింది.

వచ్చాక గమనించాను, తుపాకీ 'టిక్'మని మాత్రమే అంది. అందులో తూటా లేదు.

అంకుల్ నా పక్కన వంగి, రోగిని అడిగినంత నెమ్మదిగా అడిగారు. "దీనికి ఎంత వేద్దాం బాబూ, పదికి?"

స్వామీజీకీ ఇదే పరీక్ష పెట్టారట. వాడు కదలకుండా తలెత్తి, "అంకుల్, తూట పెట్టుడు మర్చిపోయిన్రు" అన్నాడట. ఇప్పుడు వాడు జేబులోంచి నిమ్మకాయ తీసి నాకు చూపించి, మళ్ళీ లోపల పెట్టుకున్నాడు. నేను ఊరుకుంటానా? నిమ్మకాయ ఏమీ చేయలేదు, దానిమీద నమ్మకం వీడి భయాన్ని తగ్గించింది, అంటే తన్నులో సగం బుర్రలోనే ఉందన్న నా వాదమే నెగ్గిందని అరగంట మాట్లాడాను. అంకుల్ ఓపిగ్గా విన్నారు.

"నువ్వు చెప్పిందంతా కరెక్టే. సీటు మాత్రం వాడిది."

ఇంటికి బయల్దేరేముందు నిజంగానే మాగ్నం కాల్చాను. అది చెంపదెబ్బలా కాకుండా, పెద్దమనిషి భుజమ్మీద చేయి వేసి బలంగా వెనక్కి నెట్టినట్టు ఉంది. ఏడు వేశాను. నా లెక్క అక్షరాలా నిజమైంది, కానీ అప్పటికి మార్కులు రాసుకునేవాళ్ళు ఎవరూ లేరు.

స్వామీజీ ఆ నవంబరులో జింకతో తిరిగొచ్చాడు. ఆంటీ అల్లం దట్టించి వండిన ఆ మాంసం నేనూ రెండుసార్లు వడ్డించుకుని తిన్నాను. ఆ చలికాలమంతా అంకుల్ నన్ను ప్రతి శనివారం ఇండోర్ రేంజికి తీసుకెళ్ళి, దోమ కుట్టినంత కూడా తన్నని టూ టూ తుపాకీతో, మధ్యమధ్య నాకు చెప్పకుండా మందులేని ఉత్త తూటా కలుపుతూ, నా రెప్పలకు చదువు చెప్పారు. మరుసటి ఏడు ఆ సీటులో కూర్చున్నది నేనే.

ఇప్పుడు పొలాల అంచున, మంచులో, తుపాకీ ఒళ్ళో పెట్టుకుని తెల్లవారడం కోసం ఎదురుచూస్తుంటే నాలోని ఆనాటి కుర్రాడు గుర్తొస్తాడు. నోరు మూసుకుని కళ్ళు తెరిచి ఉంచరా అబ్బాయీ అని అతనికి ఒక్కసారి చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినడులెండి. ఏదీ, రుజువు చూపించమంటాడు.