ఓడలో చెప్పిన చుట్టరికం

సైకిలు నాది, తొక్కింది అతను. నేను వెనక క్యారియరు మీద గోనెపట్టా మడిచి వేసుకుని కూర్చున్నాను. చెరకు తోటల మీద ఉండే తెల్ల అధికారిని మేం కులంబరు అనేవాళ్లం. అలాంటి కులంబరు ఒకడు సొంత దేశం వెళ్లిపోతూ అమ్మేసిన సైకిలు అది. బ్రేకు ఒకవైపే పనిచేసేది. మేం కూలికి వచ్చిన ఆ దీవిలో ద్రాసా నుంచి లౌటోకా మీదుగా నాందీ వైపు సముద్రం పక్కనే బండిదారి ఉండేది. ఒక ఆదివారం తెల్లవారుతూనే ఆ దారి పట్టాం.

మా ఇద్దరికీ గిర్మిట్ తీరిపోయి కొన్నాళ్లయింది. అయిదేళ్ల కూలి ఒప్పందాన్ని అక్కడ అందరూ గిర్మిట్ అనే అనేవారు. నేను ఒక కొట్లో చేరాను. అతను కాస్త భూమి కౌలుకి తీసుకుని చెరకు వేశాడు, గడ్డి కప్పుతో ఇల్లు కట్టుకున్నాడు. మా ఓడలోనే వచ్చి నాందీకి ఇవతల ఒక ఎస్టేటులో ఉన్న ఒకామెకు, జబ్బుతో పని మానిన రోజులు కూడా కలిపి, ఆ నెలలోనే గిర్మిట్ తీరింది. "రమ్మన్నానని చెప్పు" అని బండివాడి చేత అతనికి కబురు పంపింది. ఆమెను పెళ్లికి అడగడానికి వెళుతున్నాం.

"పంతులూ, కాళ్లు పైకెట్టు. నేల మీద ఈడుస్తన్నావు," అన్నాడు.

"పైకి పెడితే పడతాను."

"పడు. పెళ్లికొడుకు పడకూడదు గానీ, పంతులు పడితే ఏటి?"

నాకు చదవడం వచ్చునని పంతులు అనేవాడు. మేం కూలీలను ఓడ ఎక్కించేముందు ఉంచే ఒకే డిపోలో చేరి, ఒకే ఓడలో వచ్చాం. కొత్త చొక్కాకు దుమ్ము పడుతుందని గుడ్డలో మూట కట్టి నా ఒళ్లో పెట్టాడు. ఒంటి మీద బనీను, తలకు కొబ్బరి నూనె.

ఎడమ పక్క చెరకు, కుడి పక్క సముద్రం. మడచెట్లు ఉన్న చోట నీళ్లు కనబడవు, లేని చోట కనబడతాయి. దూరాన పగడపు దిబ్బ మీద అలలు విరిగి తెల్లటి చార కనబడేది. ఒక కొండ దిగేటప్పుడు సముద్రమంతా ఒక్కసారి తెరుచుకుంది. అతను కాళ్లు రెండూ చాపి, బ్రేకు వదిలేసి అరిచాడు. "సూడు పంతులూ, సూడు!" ఆ రోజు పొద్దున్న ఆ మాట చాలాసార్లు అన్నాడు. నేను చూశాను. అది అందమైన చోటే. దాని గురించి నేను ఇంకేమీ రాయను.

ఒక వాగు దగ్గర ఆగి రొట్టెలు తిన్నాం. అక్కడ అతను నవ్వడం మానేసి అడిగాడు.

"అసలు సంగతి నువ్వు సెప్పాల. నేను సెప్తే నమ్మరు. సదువుకున్నోడివి, నువ్వు సెప్తే నమ్ముతారు."

"చెబుతాను," అన్నాను.

అసలు సంగతి ఇది. ఆమె భర్త మద్రాసు డిపోలోనే వాంతులు, విరేచనాలతో చనిపోయాడు. ఆమె ఓడ ఎక్కేనాటికి ఒంటరి. ఓడ కింది అరలో ఒంటరి ఆడదాని పక్కన ఎవరు పడుకోవాలో నిర్ణయించే మగవాళ్లు చాలామంది ఉండేవారు. మొదటి రోజే ఒకడు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. నా మిత్రుడు లేచి, "అది నా సెల్లెలు. ఒక కడుపున పుట్టినాం," అన్నాడు. అంతకు ముందు ఆమెతో అతను ఒక్క మాట మాట్లాడి ఎరగడు. ఆ తరువాత దారి పొడుగునా ఆమె గోడకూ అతనికీ మధ్యన పడుకుంది. ఎవరూ ఆమె జోలికి రాలేదు. దిగాక మమ్మల్ని వేరువేరు ఎస్టేటులకు పంచేశారు.

మేం రక్తసంబంధాలన్నీ ఆ ఒడ్డున వదిలేసినవాళ్లం. ఓడలో ఎవరు ఎవర్ని ఏమని పిలిస్తే వాళ్లు అదే అయ్యేవారు. పెద్దమ్మ అని పిలిచినామె చచ్చేదాకా పెద్దమ్మే. ఆ వరసలు తప్పితే మాకు ఇక్కడ చుట్టాలు లేరు. అందుకని వాటిని రక్తం కన్నా గట్టిగా పట్టుకున్నాం. అన్నా అని పిలిచినవాణ్ణి పెళ్లాడిన మనిషి ఏ ఎస్టేటులోనూ లేదు. ఈ పట్టు ఎంత గట్టిదో మా ఇద్దరికీ తెలుసు. నిజం చెబితే అది సడలుతుందనుకున్నాం.

మధ్యాహ్నానికి ఎస్టేటు చేరాం. కూలీల గదులన్నీ ఒకే రేకు కప్పు కింద వరసగా ఉంటాయి, వాటినే లైన్లంటారు. అతను చెరకు చాటున చొక్కా తొడుక్కున్నాడు. ఆదివారం కాబట్టి అందరూ బయటే ఉన్నారు. కూలీల మీద మేస్త్రీగా ఉండే సర్దారు గది ముందు చాప వేసి యంగోనా కలుపుతున్నారు. ఆ వేరు రసం తాగడం కాయ్‌వీతీల దగ్గర, అంటే అక్కడి స్థానికుల దగ్గర, మావాళ్లు నేర్చుకున్నారు.

సర్దారు మా తెలుగువాడే. యాభై ఏళ్లుంటాయి. భార్య పోయి ఏడాదయింది. మమ్మల్ని చూసి లేచి ఎదురొచ్చాడు.

"ఆవో, ఆవో బావమరిదీ! బైఠో. చెల్లిని చూడ్డానికి ఇన్నాళ్లకు తీరిందా?"

బావమరిది అన్న మాట విని నా మిత్రుడు నిలబడిపోయాడు. చాప మీదున్నవాళ్లు నవ్వారు. సర్దారు ఆమెను చేసుకోదలిచాడని అప్పుడు తెలిసింది.

"నేను బావమరిదిని కాను," అన్నాడతను. "దాన్ని నేను సేసుకుందామని వొచ్చినాను."

చాప చివర మా ఓడలోనే వచ్చిన ఒక ముసలామె కూర్చుని ఉంది. ఆమె చెవిమీద చెయ్యి పెట్టుకుంది.

"ఏటీ? మళ్లీ సెప్పు నాయనా. ఎవుర్ని?"

అతను నా వైపు చూశాడు. నేను చెప్పాను. డిపోలో భర్త పోవడం, ఓడలో మొదటి రోజు, అతనన్న మాట, ఎందుకన్నాడో, అన్నీ వరసగా చెప్పాను. వాళ్లిద్దరూ ఒక ఊరి వాళ్లు కూడా కారని చెప్పాను. అందరూ శ్రద్ధగా విన్నారు. ముసలామె తల ఊపుతూ విన్నది.

"బాగా సెప్పినావు పంతులూ," అంది. "అయితే ఇది సెల్లి కాదు."

"కాదు."

"మరి ఓడలో అన్నాళ్లూ ఒక్క దుప్పటి కింద ఎవుడి పక్కలో తొంగున్నాదో కూడా సెప్పు."

చాప మీద నవ్వు మొదలై లైన్ల పొడుగునా పాకింది. ఎవడో ఈల వేశాడు. "అరె మద్రాజీ, ఖూబ్ బహిన్ బనాయా!" అని, భలే చెల్లెల్ని చేసుకున్నావని, ఉత్తరాది నుంచి వచ్చిన ఒక పూర్బియా కుర్రాడు అరిచాడు. నేను దుప్పటి సంగతి వివరించబోయాను. ఓడలో మనిషికి ఒక దుప్పటే ఇచ్చేవారని, ఆమె దుప్పటి తడిసిపోయిందని. నేను చెప్పేకొద్దీ నవ్వారు.

సర్దారు నవ్వలేదు. చెయ్యెత్తి అందరినీ ఆపాడు. నెమ్మదిగా, మర్యాదగా మాట్లాడాడు.

"చూడు తమ్ముడూ. చెల్లెలంటే నాకిచ్చి చెయ్యి. నీ చేతులతో ఇయ్యి. లైన్లలో నా ఇంటి ఆడదిగా ఉంటుంది. కాదంటావా, ఠీక్. అప్పుడు అది ఓడలో ఎవడో ఒకడు ఉంచుకున్నది. అలాంటిదాన్ని నేను చేసుకోను, నిన్ను చేసుకోనివ్వను. ఈ లైన్లలో రాత్రి దాని తలుపు ఎవడు తోసినా నేను అడగను. నువ్వు ద్రాసా తీసుకుపోయినా ఈ మాట మీకన్నా ముందే అక్కడికొస్తుంది. ఏదో ఒకటి చెప్పు. బాత్ ఖలాస్."

అప్పటిదాకా ఆమె తన గది గుమ్మంలో నిలబడి ఉంది. రమ్మని కబురు పంపింది ఆమే. ఆమె జడలో ఆ పూట పెట్టుకున్న ఎర్ర మందారం ఉంది. అతను ఆమె వైపు చూశాడు. "నువ్వు సెప్పు," అన్నాడు. "ఎల్లిపోదారి. ఎవుడేటన్నా పడదాం. ఊఁ అను సాలు."

ఆమె అటూ ఇటూ చూసింది. ఆ లైన్లలో అయిదేళ్లు బతికిన మనిషి. ఎవడి గది ఎక్కడుందో, ఎవడు అప్పుడే తనను కొత్త కళ్లతో చూస్తున్నాడో ఆమెకు కనబడుతూనే ఉంది. మన దేశంలో సంబంధం ఖాయమైతే తాంబూలం పుచ్చుకుంటారు. అక్కడ తమలపాకు దొరక్క, పిల్లవైపు మగవాడు యంగోనా తాగితే ఇచ్చినట్టు అనే ఆనవాయితీ వచ్చింది. ఆమె గుమ్మం దిగి వచ్చి, కొబ్బరి చిప్ప తీసుకుని గిన్నెలో ముంచి, రెండు చేతులా అతని ముందు పట్టుకుంది.

"అన్నా, పుచ్చుకో," అంది.

అతను ఆమె ముఖం చూస్తూనే ఉన్నాడు. ఆమె చిప్పను ఇంకాస్త ముందుకు జరిపింది.

"పుచ్చుకో అన్నా. అందరూ సూస్తన్నారు."

తీసుకుని తాగాడు. కాయ్‌వీతీల పద్ధతిలో అందరూ మూడుసార్లు చప్పట్లు కొట్టారు. ముసలామె లేచి వచ్చి అతని గడ్డం పట్టుకుని ముద్దు పెట్టుకుంది. "అన్నంటే నువ్వే నాయనా," అంది. ఆ ముసలామెకు అసలు సంగతి మొదటి నుంచీ తెలుసో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. బావ అయినవాడు బావమరిదిని ఆట పట్టించడం మనలో మర్యాదే కాబట్టి సర్దారు దాన్నీ విడిచిపెట్టలేదు. మేం బయల్దేరేదాకా నా మిత్రుడి నూనె తల మీద, చొక్కా మీద, సైకిలు మీద హాస్యాలాడాడు. అన్నింటికీ అతను నవ్వవలసి వచ్చింది, నవ్వాడు.

తిరుగు దారిలోనూ అతనే తొక్కాడు. నేను తొక్కుతానంటే దిగలేదు. ఎండ సముద్రం మీద ఉంది, అతను అటు చూడలేదు. ఎదురొచ్చిన బండివాడు కొత్త చొక్కా చూసి, "క్యా భైయా, సాదీ పక్కీ?" అని, పెళ్లి ఖాయమైందా అన్నట్టు అరిచాడు.

"హాఁ, పక్కీ," అన్నాడతను.

ఆ తరువాత ఎవర్నీ చేసుకోలేదు. అన్నాళ్లూ నేను అతని పక్క ఇంట్లోనే ఉన్నాను. పోయిన వర్షాకాలంలో అతనికి కొరివి పెట్టాల్సి వస్తే ఆమె పెద్దకొడుకు వచ్చి, మేనల్లుడి హోదాలో పెట్టాడు.

అంతకు ఎన్నో ఏళ్ల ముందు, పెళ్లైన మరుసటి ఏడు, సర్దారు ఆమెను బండిలో తీసుకొచ్చి ద్రాసాలో దింపాడు. మొదటి పురుడు పుట్టింట్లో పోయాలి. ఆమెకు ఈ దేశంలో ఉన్న పుట్టిల్లు అదొక్కటే. అతను తన మంచం ఆమెకిచ్చి, ఎడ్ల పాకలో పడుకున్నాడు. మంత్రసానిని తెచ్చాడు. కాన్పయ్యాక పక్క లైన్ల నుంచి ఒక ఆడమనిషి వచ్చిపోయేది, మిగతా వేళల్లో నీళ్లు కాచి గుమ్మంలో పెట్టేవాడు.

ఒక పొద్దున్న నేను వెళ్లేసరికి అతను పెరట్లో కట్టెలు కొడుతున్నాడు. సర్దారు లేడు, లైన్లవాళ్లు లేరు. చుట్టూ చెరకు. ఆమె లోపల్నుంచి పిలిచింది.

"అన్నా, పిల్లాడు తడిపేసినాడు. గుడ్డ అందియ్యవా."

నేను తప్ప వినేవాళ్లు అక్కడ ఎవరూ లేరు. నేను వచ్చినట్టు కూడా ఆమెకు తెలియదు.

"వొస్తన్నానమ్మా," అని అతను గొడ్డలి కింద పెట్టాడు.