ఎర్ర గీత దాటిన చరణం

మార్కాపురంలో నాకో చిన్న రికార్డింగ్ గది ఉంది. పెద్దారవీడు, దొనకొండ వైపు పల్లెల నుంచి చర్చి పాటలు పాడేవాళ్లు వస్తుంటారు. మావాళ్లు పల్లవిని ఎప్పుడూ మెల్లగానే ఎత్తుకుంటారు, ప్రార్థన మొదలుపెట్టినట్టు. ఆఖరి చరణానికి వచ్చేసరికి కళ్లు మూసుకుని, మైకుని మరిచిపోయి గొంతెత్తుతారు. పల్లవి విని మైకు శబ్దం లెవెల్ పెట్టామా, చరణంలో మీటరు ఎర్ర గీత దాటిపోతుంది. అలా దాటిన శబ్దం ఇక పోయినట్టే. తర్వాత ఎంత తగ్గించినా ఆ బరబర చిన్నదవుతుందే గానీ పోయిన గొంతు తిరిగి రాదు. అందుకే నేను ముందు ఆఖరి చరణం పాడించి, ఎరుపుకి బాగా కింద లెవెల్ పెడతాను. పెట్టాక ఆ లెవెల్ తిప్పే నాబు ముట్టుకోను.

ఇదంతా మా బావకి నేర్పింది నేనే. అక్క మొగుడు, మేనమామ కొడుకు. పని లేక తిరుగుతుంటే పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాను. గది తాళం చెవి కూడా చేతిలో పెట్టాను.

అమ్మ పలకల కార్ఖానాలో పనిచేసేది. రాయి కోసే మిషన్ల మోత మీద పాడి పాడి పెరిగిన గొంతు ఆమెది. మాట్లాడితే పక్కవాళ్లకి కూడా వినపడదు, పాడితే వీధి చివర వినపడుతుంది. ఆ గొంతులో గడ్డ లేచింది. పాట ఇంకా చెడలేదు గానీ, ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేయాలని గుంటూరు డాక్టరు చెప్పాడు. ఆ తర్వాత మాట ఉండదన్నాడు.

"నా పాట నీకెందుకులే నాయనా" అని ఎప్పుడూ తప్పించుకునే మనిషి, ఆస్పత్రికి బయల్దేరే ముందు తనే అడిగింది. అప్పటికి అక్క నెలలు నిండి ఉంది.

"పుట్టే బిడ్డకి నా గొంతు ఎట్ల తెలుస్తాది? ఒక్క పాట పట్టిపెట్టు" అంది.

మైకు ముందు లోపల ఒంటరిగా నిలబడలేనంది. నేను పక్కన కూర్చున్నాను. గదికి అడ్డంగా ఉన్న అద్దం అవతల కంప్యూటరు దగ్గర బావ. ఆఖరి చరణం పాడించి లెవెల్ పెట్టించాను. "ఇంక నాబు జోలికి పోవద్దు బావా" అని మరీ చెప్పాను. "నాకు చెప్పాల్నా ఏంది" అని నవ్వాడు.

అమ్మ పాడింది. ఆఖరి చరణంలో నాకు ఏడుపు ఆగలేదు. పాట అయ్యాక ఆమె అద్దంలోంచి బావకి ఒక వేలు చూపించింది, ఇంకోసారి పాడనా అని. "చాలత్తా, శానా బాగొచ్చింది" అంటూ బావ బొటనవేలు ఎత్తాడు. నేను నమ్మాను. మర్నాడే గుంటూరు వెళ్లిపోయాం.

ఆపరేషన్ అయి ఇంటికొచ్చాక ఫైలు తెరిచాను. ఆఖరి చరణమంతా తెర మీద శబ్దపు అలల కొనలు పలక అంచులాగా నున్నగా తెగి ఉన్నాయి. వింటే గొంతు లేదు, బరబర మాత్రమే ఉంది.

బావని పిలిచి అడిగాను. "పల్లవి మెల్లగా వస్తాంటే కొంచెం పెంచినా. తర్వాత మీటర్లో ఎర్ర లైటు చూసినా. పాట రికార్డింగుకి వచ్చిన గిద్దలూరోళ్లు బయట కూచోని ఉన్నారు, మళ్లీ మొదట్నుంచంటే లేటయితాదని... కంప్యూటర్లో సరిచేసుకోవచ్చులే అనుకున్నా" అన్నాడు.

"ఎర్ర లైటు చూసి కూడా బొటనేలు ఎత్తినావా?"

పొరపాటే అయితే మర్చిపోయేవాణ్ణి. తెలిసి చెప్పిన అబద్ధాన్ని ఏం చేసుకోను? ఇంకోసారి పాడనా అని అమ్మ అడిగింది. ఆ రోజు ఆమెకి గొంతు ఉంది.

అక్క బిడ్డని తీసుకుని బావతో కలిసి వచ్చినప్పుడు అమ్మ మనవరాలిని ఒళ్లో పెట్టుకుని, నా ఫోను వైపు చెయ్యి చూపించింది. పాట పెట్టాను. చరణానికి ముందు ఆపేశాను. కానివ్వమని సైగ చేసింది. తప్పక కానిచ్చాను. బరబరకి బిడ్డ ఉలిక్కిపడి ఏడుపందుకుంది. అమ్మ తన మెడకున్న కట్టుని తాకి, తల అడ్డంగా ఊపింది. తప్పు తన గొంతుదే అనుకుంది.

"అవునత్తా, అప్పటికే నీ గొంతు చెడిపోయింది కదా" అన్నాడు బావ.

నాకు ఒళ్లు మండిపోయింది. "నీ గొంతు బాగానే ఉండె అమ్మా. ఈయనే లెవెల్ పెంచినాడు. చెడిందని తెలిసి కూడా బాగొచ్చిందన్నాడు" అనేశాను. అక్క తన మొగుడి మొహంలోకి చూసింది.

అమ్మ కోప్పడలేదు. బిడ్డ తల కింద నుంచి చెయ్యి మెల్లగా తీసి, బావకి ఒక వేలు చూపించింది. ఇంకోసారి పాడనా అని ఆ రోజు అద్దంలోంచి చూపించిన వేలే అది.

ఈసారి బావ బొటనవేలు ఎత్తలేదు.